అప్‌డేట్: నాన్న పీఎం కిసాన్ డబ్బులు దొరికాయి

మా నాన్నకి పీఎం కిసాన్ రెండు విడతలు, అంటే 4,000 రూపాయలు రాలేదని, స్టేటస్‌లో మాత్రం జమ అయినట్టు చూపిస్తోందని మొన్న అడిగాను కదా. దొరికాయి!

ఇ-కేవైసీ, భూమి వివరాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీలో ఒకరు చెప్పినట్టు ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకి పోతుందో) చూస్తే, నాన్న ఎప్పుడూ వినని బ్యాంకు పేరు కనిపించింది. రెండేళ్ల కిందట సిమ్ మార్చుకోవడానికి వెళ్తే, షాపతను వేలిముద్రలు వేయించుకుని ఖాతా కూడా తెరిచేశాడట. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు, చివరగా ఇలా సీడింగ్ అయిన ఖాతాకే పోతుంది. పాస్‌బుక్ ఎన్నిసార్లు ప్రింట్ చేయించినా ఏం లాభం, మేం చూసేది వేరే ఖాతా!

డబ్బు తియ్యడం ఇంకో తంటా. పొలం పనులతో నాన్న వేళ్లు అరిగిపోయాయి, వేలిముద్రల మిషన్ గుర్తుపట్టదు. నాలుగోసారి ఎడమ చేతి వేలు పెడితే పట్టింది. నాన్న మొహం వెలిగిపోయింది, నాకేమో షాపతని మీద కోపం తగ్గలేదు.

పాత బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇచ్చాం. మొదటిసారి ఆధార్ ‘లింక్’ మాత్రమే చేసి పంపారు. సబ్సిడీలు ఈ ఖాతాకే రావాలని, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఆధార్‌ని ఈ ఖాతాకి మ్యాపింగ్ చెయ్యమని మళ్లీ వెళ్లి అడగాల్సి వచ్చింది. నాలుగు రోజులకి స్టేటస్‌లో పేరు మారింది. తర్వాతి విడత పడగానే చెప్తాను.