కుమ్మరి చేతిలో మట్టి అంటే నోరెత్తకూడదనా?

తిరుచానూరు రోడ్డు:
మొన్న మా కూటంలో బైబిల్లోని యిర్మీయా 18వ అధ్యాయం తీసుకున్నారు. ప్రవక్త కుమ్మరి ఇంటికి పోతాడు, సారె మీద కుండ చెడిపోతుంది, అదే మట్టితో కుమ్మరి ఇంకో కుండ చేస్తాడు. అంతవరకు బాగానే ఉండింది. తర్వాత ఒక పెద్దాయన లేచి మా చెల్లెలి మీదికి వచ్చినాడు. దానికి నర్సింగ్ అయిపోయి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, పెద్దోళ్ళేమో సంబంధం చూసినారు. "మట్టి కుమ్మరిని ఎందుకని అడగతాదా? మొండికేయొద్దు, లోబడు" అన్నాడు అందరి ముందర. అది ఏడుస్తా ఇంటికొచ్చింది. దేవునికి లోబడడమంటే అడక్కుండా ఉండడమేనా?

చిత్తూరు మాస్టారు:
అందరి ముందర అనుండకూడదు, అది వేరే సంగతి. మాట మాత్రం తప్పు కాదు నాయనా. రోమా 9:20, యెషయా 45:9 రెండూ చదువు, అక్కడా ఇదే మాట ఉంది. దేవుని జనాన్ని విడవనన్న ఐగుప్తు రాజు ఫరో కథ చూడు. పొయ్యిల్లో, పిండి పిసికే తొట్లలో కప్పలు. వాటిని ఎప్పుడు తీసేయమంటావని మోషే అడిగితే ఫరో చెప్పింది "రేపు" అని! ఇంకో రాత్రి కప్పలతో పడుకుంటాడు గాని ఇప్పుడే అనడు. ఉపశమనం దొరకగానే మళ్ళీ గుండె బిగించుకున్నాడు. మొండితనం మొదట్లో మొండితనం మాదిరి కనపడదు, మన మనసుకు న్యాయంగానే ఉంటుంది. అందుకే నాకు భయం.

పలమనేరు బంకమన్ను:
మాస్టారూ, ఫరో సంగతి ఒప్పుకుంటా. కానీ మాది కుమ్మరిల్లు, ఈ ప్రసంగం విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మట్టికి నోరు లేదని ఎవరన్నారు? ఇసక ఎక్కువైతే సారె మీదే విడిపోతుంది, మరీ జిగటైతే ఆరేటప్పుడు పగుల్తుంది. బొటనవేలికి చిన్న రాయి తగిలిందంటే మా నాయన సారె ఆపేస్తాడు. రాయి ఏరేసి, నీళ్ళు చల్లి, మళ్ళీ తొక్కుతాడు. మట్టిని తిట్టడం నేను చూళ్ళేదు.

ఇంక వాక్యానికొస్తే, అందరూ 6వ వచనం దగ్గర ఆపేస్తారు. 7 నుంచి 10 దాకా చదవండి. ఒక జనాన్ని పెళ్ళగిస్తానని దేవుడు చెప్పినాక, వాళ్ళు చెడుతనం విడిస్తే తానూ చేయదలచిన కీడు మానుకుంటానంటాడు. చేతిలోది ఎట్లా కదిలితే ఆయనా అట్లా మలుస్తానంటున్నాడు. మొండితనం 12వ వచనంలో ఉంది: నీ మాట దండగ, మా ఆలోచన ప్రకారమే పోతాం అంటారు వాళ్ళు. అది అడగడం కాదు, ముఖం తిప్పుకోవడం. దాని తర్వాత 19వ అధ్యాయంలో వచ్చేది సారె మీది పచ్చి మట్టి కాదు, ఆవంలో కాలిన కూజా. దాన్ని పగలగొట్టడమే, మళ్ళీ చేయడం లేదు.

దేవుడు నాశనం చేస్తానన్న సొదొమ ఊరి కోసం అబ్రాహాము యాభై మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పది మంది దాకా బేరమాడినాడు. అన్నీ పోగొట్టుకున్న యోబైతే దేవుణ్ణి నిలదీసినాడు. చివర్లో దేవుడు తప్పుపట్టింది, నోరు మూసుకోమన్న స్నేహితుల్ని (42:7). ఆ పెద్దాయన ఎవరి పక్కన నిలబడినాడో చూసుకోమనండి.

కోనేటి కట్ట:
నేను వైష్ణవుణ్ణి, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇదే తగువు మా రెండు శాఖల మధ్యా ఉంది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలంటారు వడగలై వాళ్ళు, పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని పోతుందంటారు తెంగలై వాళ్ళు. శరణాగతిలో మన వంతు ఎంతని ఇన్ని తరాలుగా వాదించుకుంటున్నాం. ఒక్కటి మాత్రం రెండు వైపులా ఒప్పుకుంటారు: శరణు స్వామికే.

చిత్తూరు మాస్టారు:
బంకమన్నూ, బాగానే చెప్పినావు. అయితే నీనెవె ఊరికి పొమ్మని దేవుడంటే తర్షీషుకు ఓడెక్కిన యోనాకూ కారణాలు ఉన్నాయి గదా? తర్షీషు ఓడ ఎక్కేవాడు కూడా ప్రార్థన చేసే ఎక్కినానంటాడు. హద్దు ఎక్కడ?

పలమనేరు బంకమన్ను:
యోనా అడగలేదు మాస్టారూ, పారిపోయినాడు. పోట్లాడింది నీనెవె బతికిపోయినాక, అప్పుడు దేవుడు కూర్చోబెట్టి మాట్లాడినాడు.

మనకు దగ్గర్లోది ఒకటి చెప్తా. వేలూరు ఆసుపత్రికి పోని చిత్తూరు ఇల్లు ఉందా? అది పెట్టిన ఐడా స్కడర్ మిషనరీ కాకూడదనే అనుకుంది. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వేరువేరుగా వచ్చి, తమ భార్యలకు కాన్పు కష్టమైంది రమ్మన్నారు. ఆమె నాన్న డాక్టరు, ఆయన వస్తాడంటే మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ పోయినారు. అప్పుడు లోబడింది ఆమె. లోబడి ఏం చేసింది? 1899లో డాక్టరు చదువు ముగించింది, 1918లో ఆడపిల్లలకు వైద్య విద్యాలయం తెరిచింది, పెళ్ళే చేసుకోలేదు. ఆ పెద్దాయన అక్కడుంటే ఏమనేవాడో!

చిత్తూరు మాస్టారు:
పెళ్ళి చేసుకోమని నేను అనలేదు. కానీ ఆమెకు పిలుపు స్పష్టంగా వచ్చింది. ఈ పాపకు వచ్చింది జీతమున్న ఉద్యోగం. రెండూ ఒకటేనంటే ఎట్లా?

తిరుచానూరు రోడ్డు:
మాస్టారూ, మా చెల్లెలికి ఇదంతా చదివి వినిపించినా. బెంగళూరు పోవాలని ప్రార్థన చేస్తోంది, దేవుడు వద్దంటే మానుకుంటానని కూడా అంటోంది. ఆ "వద్దు" ఎవరి నోట వినాలని మిమ్మల్ని అడగమంది.

చిత్తూరు మాస్టారు:
వాక్యంలో, ప్రార్థనలో, సంఘంలో. మూడూ కలవాలి. సంఘాన్ని పక్కన పెడతానంటే నేను ఒప్పుకోను.

పలమనేరు బంకమన్ను:
సంఘమంటే ఆ ఒక్క పెద్దాయనేనా? ఆయనా మాతోపాటు తొక్కాల్సిన మట్టే గదా. ఆ సంఘంలో ఆడవాళ్ళను ఎవరైనా అడిగినారా, అది చెప్పండి ముందు.