కొట్టంలో పాత ఫాలిడాల్ సంచి దొరికింది, ఇంకా పనిచేస్తుందా?

ధర్మవరం_బాబు:
మా నాన్న కట్టించిన పశువుల కొట్టం విప్పుతున్నాం. అటక మీద 5 కిలోల సంచి బయటపడింది. కంపెనీ పేరు చెరిగిపోయింది గానీ మిథైల్ పారాథియాన్ 2% అని, కింద ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ కనిపిస్తున్నాయి. మా వైపు దీన్ని ఫాలిడాల్ పొడి అనేవాళ్లు. వేరుశనగకు ఎర్ర గొంగళి పురుగు దండుగా వస్తే చేను చుట్టూ నాగటిచాలు తీసి అందులో చల్లేవారు. సంచి విప్పకుండానే కుళ్లిన వెల్లుల్లి వాసన వస్తోంది. మా అన్నేమో "ఇన్నేళ్లకు పవర్ ఎప్పుడో పోయుంటుంది, కొత్తింటి పునాదిలో చెదలకు చల్లేద్దాం" అంటున్నాడు. చల్లొచ్చా?

గట్టు_రైతు:
పునాదిలో వద్దులే అన్నా. దొడ్లో గొయ్యి తీసి సున్నం కలిపి పాతెయ్. సున్నం తగిలితే విరిగిపోతుందంటారు.

రిటైర్డ్_కెమిస్టు:
ఇద్దరూ కాస్త ఆగండి. నేను పురుగుమందులు తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ఈ మందుతో చాలాకాలం గడిపాను.

ముందు మీ అన్నగారి మాట. చేలో చల్లిన పారాథియాన్ ఎండకు, తడికి, మట్టిలోని సూక్ష్మజీవులకు త్వరగానే విరిగిపోతుంది. డీడీటీలా ఏళ్ల తరబడి నేలలో నిలవదు. రైతుల్లో ఆ నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. కానీ అటక మీద సంచిలో ఎండా లేదు, నీళ్లూ లేవు. ఎన్నేళ్లయినా అందులో మందు మిగిలే ఉంటుందనుకోవాలి. పైగా వేడి తగిలితే ఇందులో కొంత అణువు లోపలే అమరిక మార్చుకుని ఇంకో రూపంలోకి పోతుంది. ఆ రూపం నరాల ఎంజైము మీద నేరుగా దెబ్బకొడుతుంది. అనంతపురం ఎండల్లో రేకుల కింద పడున్న సంచిని పాతది కదా అని చులకన చేయకండి.

ఆ వాసన ముడిసరుకులోని మలినాలది. శుద్ధమైన మందుకు వాసన దాదాపు ఉండదు. అది తెల్లటి స్ఫటికం, 36 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో మా ల్యాబులో బల్ల మీదే నీరుకారేది. కాబట్టి వాసన పోయిందని మందు పోయిందనుకోవద్దు.

ఇక విషం సంగతి. ఈ అణువులో భాస్వరానికి ఒక గంధకం అంటుకుని ఉంటుంది. అలా ఉన్నంతవరకు దానికి అంత చురుకు లేదు. ఒంట్లోకి వెళ్లాక మన కాలేయమే ఆ గంధకాన్ని తీసి ఆక్సిజన్ పెడుతుంది, అసలు విషం అప్పుడు తయారవుతుంది. అది కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టేస్తుంది. దాంతో నరాల సంకేతం ఆగాల్సిన చోట ఆగదు. చొంగ, చెమట, కండరాలు అదరడం, చివరికి ఊపిరి అందకపోవడం. మా దగ్గర ప్యాకింగ్‌లో పనిచేసే ఒకతనికి మధ్యాహ్నం చూపు మసకబారితే మొహం పైకెత్తి చూశాను. కంటిపాప ఆవగింజంతైంది. ముక్కుగుడ్డ కట్టుకున్నాడు గానీ చేతులకు గ్లౌజులు లేవు. చర్మం నుంచి కూడా ఎక్కుతుంది మరి.

మీ సంచిలో 2 శాతమే, మిగతాదంతా సుద్దపొడి లాంటిది. అయినా 5 కిలోలకు లెక్కేస్తే 100 గ్రాముల అసలు మందు. ఎలుకల్లో కిలో బరువుకు 14 మిల్లీగ్రాములు నోట్లోకి పోతే సగం చచ్చిపోతాయి.

సున్నం గురించి గట్టు గారు చెప్పింది కెమిస్ట్రీ ప్రకారం నిజమే. క్షారంలో ఇది విరిగి నైట్రోఫినాల్ వస్తుంది, చిక్కటి పసుపు రంగు తేలుతుంది. కానీ రంగు వచ్చినంత మాత్రాన మందంతా విరిగినట్టు కాదు, ఆ పసుపుదీ మంచిదేం కాదు. దొడ్లో గొయ్యి అంటే మీ బోరుకి పక్కనే కదా! కాల్చాలని మాత్రం అనుకోకండి, పొగ ఇంకా ప్రమాదం.

1958లో కేరళలో 100 మందికి పైగా చనిపోయారు. ఓడలో తిండి సరుకుల దగ్గరే దీని అన్న, ఇథైల్ పారాథియాన్, కారింది. మనకు 1968లో పురుగుమందుల చట్టం రావడానికి ఆ ఘోరం ఒక ముఖ్య కారణం. ఇథైల్‌ను 1974లో ఆపేశారు, మీ దగ్గరున్న మిథైల్ మాత్రం 2018 దాకా చలామణీలో ఉంది. అదేం లెక్కో నాకిప్పటికీ అర్థం కాదు.

ధర్మవరం_బాబు:
సార్, టెన్షన్ మొదలైంది. సంచి ఒక మూల చిరిగి కొంచెం పొడి అటక మీద రాలింది. చీపురుతో ఊడ్చెయ్యనా?

రిటైర్డ్_కెమిస్టు:
వద్దు బాబూ, ఊడిస్తే గాల్లోకి లేస్తుంది. రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, మాస్కు వేసుకో. తడి మట్టో తడి రంపపుపొట్టో చల్లి, రేకు ముక్కతో మెల్లగా ఎత్తి, సంచితో సహా మందపాటి ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టు. పిల్లలు, పశువులు, కోళ్లు అటు రాకూడదు. తర్వాత మండల వ్యవసాయాధికారికి చెప్పు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నచోటికే ఇది పోవాలి. ఆ బట్టలు వేరుగా ఉతుకు, సబ్బుతో స్నానం చెయ్యి.

ముట్టుకునే ముందే లేబుల్ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకో. ఎవరికైనా తల తిరిగినా, వాంతి వచ్చినా, చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఆ ఫోటో చూపించు. ఈ విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్, పామ్ (PAM) ఇంజెక్షన్లు ఎంత తొందరగా పడితే అంత మంచిది. డాక్టరు మొట్టమొదట అడిగేది మందు పేరే.