ఒకే డిష్, రెండు బాక్సులు: పైన ఛానల్ మారిస్తే కింద సిగ్నల్ పోతోంది. ఏం చెయ్యాలి?

కావలి మిద్దె:

అందరికీ నమస్కారం. మాది కావలి. కింద అమ్మానాన్న, అమ్మమ్మ ఉంటారు. పైన నేను, మా ఆవిడ, పిల్లలు. డిష్ మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన ఉంది. ఇన్నాళ్లూ పైన హాల్లో ఒక్క బాక్సే ఉండేది. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేకపోతోందని ఉగాదికి కింద ఆమె గదిలో ఇంకో టీవీ పెట్టి రెండో బాక్సు తీసుకున్నాం.

బిగించడానికి వచ్చినాయన డిష్ నుంచి దిగే వైరుని మెట్ల దగ్గర కోసి, చిన్న స్ప్లిటర్ పెట్టి, ఒక వైరు పైకి, ఒక వైరు కిందికి ఇచ్చాడు. రెండు టీవీలూ వచ్చాయి. ఆయన వెళ్లిన సాయంత్రమే గొడవ మొదలైంది. అమ్మమ్మ ఎస్వీబీసీలో సహస్ర దీపాలంకరణ సేవ చూస్తూ ఉంటుంది. పైన మావాడు క్రికెట్ పెడతాడు. అంతే, కింద స్క్రీన్ నల్లగా అయిపోయి 'సిగ్నల్ లేదు' అని వస్తుంది. వాడు వేరే ఛానల్‌కి వెళ్తే మళ్లీ వస్తుంది. అన్ని ఛానళ్లకీ ఇలా కాదు, కొన్నిటికే. పాపం ఆమె ఎవరినీ ఏమీ అనదు, రిమోట్ పట్టుకుని అలా కూర్చుంటుంది. అది చూడలేకపోతున్నా.

ఆ మెకానిక్‌ని మళ్లీ పిలిస్తే డిష్ కదిలిందన్నాడు. తిప్పి చూశాడు, మార్పేమీ లేదు. ఇప్పుడు రెండో డిష్ పెట్టాల్సిందే అంటున్నాడు. మా ఆవిడేమో పైన బెడ్రూమ్‌లో మూడో టీవీ కూడా కావాలంటోంది. మూడు టీవీలకి మూడు డిష్‌లా? కింద గోడలో పాత కేబుల్ టీవీ వైరు పైపులో ఉంది, అది వాడుకోవచ్చా? నెల బిల్లు కూడా మూడింతలవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు గిత్త:

అన్నా, రెండు గదుల్లో ఒకే ఛానల్ చాలనుకుంటే రెండో బాక్సు అక్కర్లేదు. హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ తెచ్చుకుని ఒక బాక్సు నుంచే రెండు టీవీలకి ఇవ్వచ్చు. మా షాపులో, వెనక గదిలో అలానే నడుస్తోంది. పది మీటర్లు దాటితే మాత్రం మామూలు హెచ్‌డీఎంఐ వైరుతో బొమ్మ తెగిపోతుంది. క్యాట్ 6 వైరు (ఇంటర్నెట్‌కి వాడే లాన్ వైరు) మీద నడిచే ఎక్స్‌టెండర్ పెట్టుకోవాలి. మీ ఇంట్లో ఒకరికి భక్తి, ఒకరికి క్రికెట్ కాబట్టి ఇది కుదరదనుకుంటా.

పెన్నా ఒడ్డు:

తమ్ముడూ, నేను నెల్లూరులో డిష్ పనే చేస్తా. కోవూరు, అల్లూరు, బిట్రగుంట, మీ కావలి దాకా తిరుగుతుంటా. నువ్వు రాసింది చదవగానే అర్థమైంది. మీ డిష్‌కి ఏ జబ్బూ లేదు. రెండో డిష్ కొనొద్దు. ఆ స్ప్లిటర్ తీసెయ్యి.

ఎందుకో వివరంగా చెప్తా, ఇది తెలిస్తే రేపు ఎవరూ నిన్ను తిప్పించలేరు. కేబుల్ టీవీలో అన్ని ఛానళ్లూ ఒక్కసారే వైరులో వస్తాయి. అందుకే అక్కడ స్ప్లిటర్ పెట్టి ఎన్ని గదులకైనా పంచుకోవచ్చు, కాస్త బలం తగ్గుతుందంతే. డిష్‌లో అలా కాదు. డిష్ ముందు కొమ్మకి ఎల్‌ఎన్‌బీ అని ఉంటుంది, డిష్ పట్టిన సిగ్నల్‌ని వైరులోకి దించేది అదే. దానికి బాక్సే కింద నుంచి కరెంటు పంపుతుంది. ఆ కరెంటులోనే ఆర్డరు కూడా ఉంటుంది. 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలున్న ఛానళ్లు, 18 వోల్టులు పంపితే అడ్డ తరంగాలున్న ఛానళ్లు కిందికి వస్తాయి. దానికి తోడు 22 కిలోహెర్ట్జ్ టోన్ అని ఒకటుంది. అది ఉంటే పై బ్యాండు, లేకపోతే కింది బ్యాండు. అంటే మొత్తం నాలుగు వాటాలు. ఒక వైరులో ఒక సమయానికి ఒక్క వాటాయే వస్తుంది.

ఇప్పుడు మీ ఇంట్లో జరిగేది చూడు. అమ్మమ్మగారి బాక్సు 13 అడుగుతోంది. పైన పిల్లవాడు ఛానల్ మార్చగానే వాడి బాక్సు 18 పంపింది. రెండూ ఒకే వైరు మీద కలిసేసరికి ఎక్కువ వోల్టేజీదే చెల్లుతుంది. ఎల్‌ఎన్‌బీ అడ్డ తరంగాలకి మారిపోయింది, కింద స్క్రీన్ నల్లగా అయింది. వాడు 13 వోల్టుల ఛానల్‌కి తిరిగొస్తే కింద బొమ్మ వస్తుంది. కొన్ని ఛానళ్లకే ఇలా అవుతోందన్నావే, అసలు గుట్టు అక్కడే ఉంది. డిష్ కదిలితే అన్ని ఛానళ్లూ దెబ్బతింటాయి, పక్కగదిలో రిమోట్ నొక్కినప్పుడు మాత్రమే పోవు.

పరీక్ష కావాలంటే పైబాక్సుని గోడ స్విచ్చు దగ్గర ఆపేసి, కింద అన్ని ఛానళ్లూ తిప్పి చూడు. అన్నీ వస్తే నేను చెప్పిందే. అసలేమీ రాకపోతే ఆ స్ప్లిటర్‌లో ఒక్క కాలికే కరెంటు దాటే ఏర్పాటు ఉండుంటుంది, అలాంటివీ దొరుకుతాయి. అప్పుడు పైబాక్సు ఆపితే కింద కూడా ఆగిపోతుంది. స్ప్లిటర్ మీద ఏం రాసుందో కూడా చూడు. 5–1000 మెగాహెర్ట్జ్ అనుంటే అది కేబుల్ టీవీ సరుకు. ఎల్‌ఎన్‌బీ నుంచి మన వైరులో దిగేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది.

చెయ్యాల్సింది ఒక్కటే. ఇప్పుడున్న ఎల్‌ఎన్‌బీ తీసి నాలుగు అవుట్‌పుట్‌లున్నది పెట్టించు. క్వాడ్ అంటారు. నాలుగూ దేనికదే విడివిడిగా పనిచేస్తాయి, ఒకదాని ఆర్డరు ఇంకోదానికి తగలదు. డిష్ అదే, స్టాండు అదే. ఒక్కో బాక్సుకి డిష్ దగ్గర నుంచి సొంత వైరు, మధ్యలో జాయింటు ఉండకూడదు. మీకు మూడు టీవీలే కాబట్టి ఒకటి మిగులుతుంది. కొనేటప్పుడు పాత ఎల్‌ఎన్‌బీ మీద ఎల్‌ఓ (L.O.) అని రాసున్న ఫ్రీక్వెన్సీ అంకెలు చూసుకో, 9.75, 10.6 లాగా ఉంటాయి. కొత్తదాని మీదా అవే ఉండాలి. కొన్ని కంపెనీలవి వేరుగా ఉంటాయి. అన్నిటికంటే మేలు, మల్టీ టీవీ కనెక్షన్ అని చెప్పి మీ కంపెనీ దగ్గరే అడగడం.

షాపువాడు రెండు వస్తువులు అంటగట్టచ్చు, జాగ్రత్త. ఒకటి క్వాట్రో ఎల్‌ఎన్‌బీ. దానికీ నాలుగు అవుట్‌పుట్‌లే, కానీ ఒక్కోదాంట్లో ఒక్కో వాటా మాత్రమే వస్తుంది. ఆ నాలుగు వాటాలనీ ప్రతి బాక్సుకీ అందించే మల్టీస్విచ్ అనే పెట్టె పెట్టి అపార్టుమెంటు మొత్తానికి ఇచ్చేటప్పుడు వాడేది అది, నేరుగా బాక్సుకి పెడితే సగం ఛానళ్లు కూడా రావు. రెండోది డైసెక్ స్విచ్. దానికీ నాలుగు రంధ్రాలుంటాయి, చూస్తే మనకి కావలసిందే అనిపిస్తుంది. అది నాలుగు ఎల్‌ఎన్‌బీలని ఒక్క బాక్సుకి కలపడానికి. మన పనికి పూర్తిగా తలకిందులు.

కావలి మిద్దె:

అన్నా, చాలా థ్యాంక్స్. పైబాక్సు ఆపి చూశా, కింద అన్నీ వచ్చాయి! స్ప్లిటర్ మీద 5–1000 అనే ఉంది. మరి గోడలో ఉన్న పాత కేబుల్ వైరు సంగతి? మిద్దె మీద నుంచి కింద గదికి పాతిక మీటర్లు ఉంటుంది.

పెన్నా ఒడ్డు:

పాతిక మీటర్లకి భయమే లేదు. మంచి ఆర్‌జీ6 వైరు (డిష్‌కి వాడే లావు వైరు రకం) అయితే 2150 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా వంద మీటర్లకి 30 డెసిబెల్ ప్రాంతంలో పోతుంది. నీకు ఏడెనిమిది పోతాయంతే, బాక్సు తట్టుకుంటుంది.

పాత వైరు మాత్రం నమ్మొద్దు. దాని చివర కొత్త ఆర్‌జీ6 గట్టిగా కట్టి, టేపు చుట్టి, రెండో వైపు నుంచి లాగు. పాతది బయటికొస్తూ కొత్తదాన్ని పైపులోకి తెస్తుంది, గోడ పగలగొట్టే పని లేదు. ఆ పైపులో ఇంటి కరెంటు వైర్లు ఉంటే మాత్రం వద్దు, పిట్టగోడ మీదుగా బయట నుంచి దించు. వైరు కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని పో. మధ్య తీగకి అతుక్కుంటే లోపల ఇనుము, పైన రాగి పూత. దగ్గర గదికి అది కూడా పనిచేస్తుంది. నీ కింద గదికి మాత్రం అతుక్కోని రాగి తీగే తీసుకో, ఎల్‌ఎన్‌బీకి వెళ్లే కరెంటు దారిలో తగ్గకుండా ఉంటుంది.

ఇక వైరు చివర పిన్ను (కనెక్టర్) కొట్టడం. నన్నడిగితే సగం కంప్లయింట్లు ఇక్కడే పుడతాయి. పై తొడుగు ఒలిచాక జాలీ తీగలని వెనక్కి మడవాలి. వెంట్రుకంత పోగు ఒక్కటి మధ్య తీగకి తగిలినా షార్టే. మధ్య తీగ పిన్ను అంచు దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి రావాలి. తక్కువైతే లోపల ఆనదు, ఎక్కువైతే సాకెట్టు పాడవుతుంది. చేత్తో తిప్పి బిగించేవి కాకుండా టూలుతో నొక్కే కంప్రెషన్ పిన్నులు అడుగు. ఈ పని జరుగుతున్నంతసేపూ బాక్సులన్నీ గోడ స్విచ్చు దగ్గర ఆపి ఉంచండి.

మనది సముద్రం గాలి. తుమ్మలపెంట వైపు ఇళ్లలో నేను విప్పిన పిన్నులు పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే పొడిగా రాలిపోయేవి. ఎల్‌ఎన్‌బీ దగ్గర రబ్బరు తొడుగు వేసి, సాగదీస్తే దానికదే అతుక్కునే రబ్బరు టేపు చుట్టించు. వైరుని పిన్ను కింద ఒక వంపు తిప్పి వదలాలి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, లోపలికి ఎక్కవు.

సింగరాయకొండ సుబ్బులు:

బిల్లు సంగతి నేను చెప్తా తమ్ముడూ, మా ఇంట్లోనూ రెండు కనెక్షన్లే. ఒకే పేరు, ఒకే ఇంటి అడ్రసు మీద ఉంటే మల్టీ టీవీ కింద లెక్క. 2020 జనవరిలో ట్రాయ్ (టెలికాం, టీవీ కంపెనీల మీద కేంద్ర నియంత్రణ సంస్థ) పెట్టిన నిబంధన ప్రకారం రెండో టీవీ నుంచి నెట్‌వర్క్ ఛార్జీ (ఛానళ్ల ధర కాక కనెక్షన్‌కి నెలనెలా కట్టేది) మొదటిదానిలో 40 శాతానికి మించకూడదని ఉండేది. 2024లో ఆ ఛార్జీల మీద పరిమితులు ఎత్తేశారు, కాబట్టి ఇప్పుడు కంపెనీ ఎంతంటే అంత. అందుకని ముందే ఫోన్ చేసి రేటు అడిగి, వేరే పేరు మీద కాకుండా అదే ఖాతాలో చేర్చమను. రెండో టీవీకి అన్ని ప్యాకులూ అక్కర్లేదు. మా అత్తమ్మ టీవీకి తెలుగు, భక్తి ఛానళ్లు మాత్రమే పెట్టించాం.

మూడో టీవీకి నెల ఖర్చే వద్దనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది. బాక్సు ఒక్కసారి కొనుక్కోవడమే. అది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తుంది కాబట్టి, మీ కంపెనీ ఉపగ్రహం వేరే చోట ఉంటే దానికి మాత్రం వేరే డిష్ కావాలి.

పెన్నా ఒడ్డు:

అక్క చెప్పింది నిజం. ఫ్రీ డిష్ పెట్టుకుంటే మన జిల్లాలో ఆగ్నేయానికి, బాగా పైకెత్తి చూడాలి. ఆ వైపు కొబ్బరి చెట్టు లేకుండా చూసుకో.

కావలి మిద్దె:

కంపెనీకి ఫోన్ చేశా. మూడు బాక్సులూ నా ఖాతాలోనే ఉంటాయట, నాలుగు అవుట్‌పుట్‌ల ఎల్‌ఎన్‌బీ వాళ్లే తెచ్చి బిగిస్తారట. ఆదివారం వస్తున్నారు. వైరు మాత్రం నేనే కొని, పైపులో లాగించి పెడతా. అన్నా, వాళ్లు వచ్చినప్పుడు నేను దగ్గరుండి చూడాల్సినవి ఇంకేమైనా ఉన్నాయా?

పెన్నా ఒడ్డు:

మూడు బాక్సుల్లోనూ సెట్టింగ్స్‌లోకి పోయి సిగ్నల్ బలం, క్వాలిటీ రెండూ చూపించమను. క్వాలిటీ ముఖ్యం. మూడు టీవీల్లో మూడు వేరే ఛానళ్లు పెట్టి, ఒక్కోదాన్నీ మారుస్తూ మిగతా రెండూ నిలబడుతున్నాయో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టు. స్టాండు బోల్టులు రెంచీతో బిగించమను, అక్టోబరు నవంబరులో తుపాను గాలికి వేలెడు కదిలినా సిగ్నల్ ఉండదు. స్టాండు నుంచి ఎర్త్ వైరు దించమను. ఇంకోటి, వాడని నాలుగో అవుట్‌పుట్‌కి మూత పెట్టించు. దాన్ని అలాగే వదిలేసి పోతారు, అందులోంచి తేమ పోయి మొత్తం ఎల్‌ఎన్‌బీ పాడవుతుంది.