జర్మనీ డ్రై వైన్‌కు నాటుకోడి పులుసు పడుతుందా?

అనంతపురం_సెనక్కాయ:
మా బావ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వస్తా ఒక వైన్ బాటిల్ తెచ్చినాడు, పొడుగ్గా సన్నగా పచ్చ సీసా, రీస్లింగ్ అని ఉంది, కింద ట్రోకెన్ అని, 12 శాతం అని, మిగతాదంతా జర్మన్‌లోనే, నాకేం అర్థం కాలే. ఆదివారం రాత్రి నలుగురం కూర్చుంటాం, ఇంట్లో సంగటి నాటుకోడి పులుసు అనుకున్నాం. బావేమో చీజ్ కావాలంటాడు. మేం బ్రాండీ బ్యాచ్ అన్నా, వైనంటే తియ్యగా ఉంటాదనే తెలుసు. ఏం తినాల దీంతో?

తుంగభద్ర_గట్టు:
రీస్లింగ్ అంటే ఒక తెల్ల ద్రాక్ష రకం, ట్రోకెన్ అంటేనే డ్రై, తీపి ఉండదు. పులుపును బట్టి లీటరుకు 9 గ్రాముల దాకా చక్కెర ఉండొచ్చు, ఆ పులుపులో అది నీకు తెలియను కూడా తెలీదు. నేను జర్మనీలో, మైన్జ్ ఊర్లో రెండేళ్లు ఉన్నా. పచ్చ సీసా అంటే మోజెల్ నది దిక్కుదేమో, రైన్ దిక్కు పాతకాలం నుంచి గోధుమ రంగు సీసాలు, ఇప్పుడు ఆ పట్టింపు అంతగా లేదులే. మోజెల్ తోటలు చూడాలప్పా, గోడెక్కినట్టు ఎక్కాల, కింద అంతా పలకరాయి, మన కడప బండలు గుర్తొచ్చినాయి నాకు (మనది సున్నపురాయి, అది వేరే). పగలంతా ఎండకు కాగి రాత్రికి ఆ వేడి తీగలకు ఇస్తాది. చలి దేశం కాబట్టి కాయలో పులుపు చావదు, నిమ్మకాయ, పచ్చి యాపిల్ మాదిరి ఉంటాది రుచి.

అందుకే నాటుకోడి వద్దంటా. కారానికి ఆల్కహాల్ తోడైతే మంట ఇంకా లేస్తాది, ఆర్పేదానికి తీపి కూడా లేదాయె. ఇంగ గసాలు, ఎండుకొబ్బరి, లవంగం ముందర వైన్ వాసన యాడ నిలబడతాది? చెరువు చేప తెచ్చి ఉప్పు, పసుపు, మిరియాలు పట్టించి దోరగా వేయించు, పైన నిమ్మకాయ పిండు.

కారందోసె_కడప:
మిరియాల చేప మా ఊర్లో జ్వరమొచ్చినోళ్లకు పెడతారు 😂 రీస్లింగ్ కారానికి బాగుంటాదని బెంగళూరులో అందరూ చెప్తారు గదా?

తుంగభద్ర_గట్టు:
వాళ్లు చెప్పేది తీపి మిగిలిన రీస్లింగ్ అన్నా. సీసా మీద ఆల్కహాల్ 8, 9 శాతం ఉంటే చక్కెరంతా పులియకముందే ఆపినారని లెక్క, నీ ఎర్రకారం దోసెకు అది పడతాది. హాల్బ్‌ట్రోకెన్ అని ఉంటే మధ్యస్తం. 12 ఉండి ట్రోకెన్ అని రాసినారంటే ఇంగ ఆశ లేదు. జర్మనీవోళ్లు ఇట్లాంటివి నది చేపతో, పందిమాంసంతో తాగుతారు, ఎండాకాలం ముందు తెల్ల ఆస్పరాగస్‌తో (కాడల మాదిరి కూరగాయ) కూడా, జూన్ 24 దాటితే ఆ ఆస్పరాగస్ కోయడం ఆపేస్తారు.

చేప దొరక్కపోతే ఉగ్గాని చేయి, పచ్చిమిర్చి సగం తగ్గించి నిమ్మరసం కాస్త ఎక్కువ. పక్కన మిరపకాయ బజ్జి కాకుండా అరటికాయ బజ్జి, నూనె జిడ్డును ఆ పులుపు కడిగేస్తాది. ఉప్పు వేసి వేయించిన బుడ్డలు కూడా (మీరు సెనక్కాయలంటారు, సరే).

గుత్తికోట:
ఫ్రిజ్‌లో మూడు గంటలు చాలు, ఐసు వేయొద్దు, స్టీల్ గ్లాసులో పోయొద్దు. ఇంకోటి, రీస్లింగ్ పాతబడితే కిరసనాయిలు వాసన కొడతాది, అది దాని గుణమే, పాడైందని సింకులో పోసేరు. మా రూమ్మేట్ ఆ పని చేసినాడు.

అనంతపురం_సెనక్కాయ:
ఆదివారం అయిపోయింది. కిరసనాయిలు రాలే, కొత్త సీసానే. మొదటి గుటకకు అందరం మొహాలు చూసుకున్నాం, ఇంత పులుపేందిరా అని. చేప బాగుండె గానీ అసలు కుదిరింది ఉగ్గానితో, బజ్జీ ప్లేటు రెండుసార్లు నింపినాం. మా నాయన మాట వినక నాటుకోడి చేయించినాడు, ఒక ముక్క తిని వైన్ తాగినా, నోరంతా నిప్పు. కడపన్నా నువ్వు కూడా ఒకసారి చూడు. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాం, పొద్దున చూస్తే సీసా ఖాళీ, నాయన ఏమీ ఎరగనట్టు పేపర్ చదువుతాండాడు.