అయిదో తరగతిలో, ఎనిమిదో తరగతిలో ఫెయిల్ చెయ్యాలా, వద్దా?

రాజాం నాన్న:
మావాడు ఎనిమిది. మొన్న బస్సు బోర్డు చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోయాడు. మార్కుల కార్డులో మాత్రం అన్నీ పాసే. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవర్నీ ఆపొద్దంది. 2019లో దాన్ని సవరించి, ఆపాలో వద్దో ప్రభుత్వాలకే వదిలారు. 2024 డిసెంబరులో కేంద్రం నిబంధన మార్చింది: అయిదు, ఎనిమిది తప్పితే రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష, అదీ తప్పితే అదే తరగతి. కేంద్రీయ విద్యాలయాలకీ నవోదయలకీ వర్తించేది మా ఊరి బడికి ఎందుకొద్దు? ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ చెప్పకుండా పదో తరగతిలో ఒక్కసారే చెప్తే ఆ గుంటడు ఏమైపోవాలి?

పలాస అక్క:
మా వీధిలో ఒక పిల్ల పది తప్పింది. మర్నాటి నుంచీ జీడిపిక్కల పనికి. అదే ఎనిమిదిలో ఆపుంటే రెండేళ్ళ ముందే పంపేసేవాళ్ళు. ఆడపిల్లని అదే క్లాసులో మళ్ళీ కూర్చోబెట్టి చదివించే ఇల్లు ఎన్నున్నాయి తమ్ముడూ?

చీపురుపల్లి టీచర్:
బాబూ, మీ కోపం న్యాయమే. కానీ మీవాడు ఎనిమిదిలో వెనకబడలేదు, రెండులోనో మూడులోనో వెనకబడ్డాడు. నా క్లాసులో చూస్తున్నాను. అమ్మానాన్నా పనులకి విశాఖో చెన్నైయో వెళ్తే పిల్లాడూ వెళ్తాడు, సంక్రాంతికి తిరిగొస్తాడు. ఈలోగా గుణింతాలు అయిపోతాయి, పాఠం ముందుకెళ్ళిపోతుంది. అతను నోరు తెరవడు, నలభై మందిలో నాకు కనపడడు. ఇది మన జిల్లా జబ్బొక్కటే కాదు. పిల్లల చదువు మీద అసర్ అనే సర్వే చేసేవాళ్ళు ఇళ్ళకెళ్ళి రెండో తరగతి పాఠం ఇచ్చి చదివిస్తారు. 2024లో దేశంలోని పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో దాన్ని చదివినవాళ్ళు సగానికి కాస్త తక్కువే.

బోర్డు మారిస్తే ప్రమాణం వస్తుందనీ అనుకున్నాం. మన రాష్ట్రంలో 1000 బడుల్ని సీబీఎస్‌ఈకి మార్చి, 2024లో పదికొచ్చిన పిల్లల్ని మళ్ళీ రాష్ట్ర బోర్డుకే తెచ్చారు. నలిగింది పిల్లలే. నాకు కావలసింది మూడో తరగతి దాటకముందే ఒక్కొక్కర్నీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించే గంట. నిపుణ్ భారత్ అని కేంద్రం 2021లో మొదలుపెట్టిన పథకం పెట్టుకున్న లక్ష్యమూ మూడో తరగతికల్లా చదవడం, లెక్క రావడమే. ఆ గంట మాత్రం నా టైంటేబుల్లో లేదు.

మెళియాపుట్టి కుర్రాడు:
మా ఇంట్లో సవర మాట్లాడతాం. ఒకటో తరగతిలో టీచరు మాట నాకు అర్థం కాలేదు. అప్పుడు పరీక్ష పెడితే నాకు తెలుగు రాలేదని తేలేది, తెలివి లేదని రాసేవారు. గిడుగు రామమూర్తిగారు నూరేళ్ళ కిందటే సవర నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. దేశమంతటికీ ఒకే కొలత పెట్టేవాళ్ళు ముందు ఆ పని చెయ్యాలి.

రాజాం నాన్న:
తమ్ముడు చెప్పింది నాకు ఎప్పుడూ తట్టలేదు. అక్క మాటకీ నా దగ్గర జవాబు లేదు. అయినా కొలత వద్దనను, కొలవకపోతే మావాడి సంగతి ఇప్పటికీ తెలిసేది కాదు. అయితే ఆ కొలత మూడులో పెట్టాలి, ఫెయిల్ అనే మాట లేకుండా. మాస్టారమ్మా, మరి ఎనిమిదికొచ్చేసిన మావాడికి ఇప్పుడేటి చెయ్యాలి?

చీపురుపల్లి టీచర్:
రేపట్నుంచి రోజూ అరగంట, రెండో తరగతి తెలుగు వాచకం, గట్టిగా చదివించండి. ఎనిమిదో తరగతి పుస్తకం ముట్టుకోవద్దు. సిగ్గుపడతాడు, తలుపేసుకుని మీరిద్దరే కూర్చోండి.