నాన్నగారికి ఎబొనైట్ పెన్ను: ఏ పాళీ పెట్టించాలి?

విజయనగరం నుంచి అడుగుతున్నాను. మా నాన్నగారు ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ఆయన నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను మూత మొన్న పగిలిపోయింది. గంటస్తంభం చుట్టూ దుకాణాలన్నీ తిరిగాను, బాగుచేసేవాళ్లు దొరకలేదు. రాజమండ్రిలో రత్నం పెన్నులు 1932 నుంచి ఉన్నాయి కదా, అక్కడే కొత్తది చేయిద్దామని ఉంది. బంగారు పాళీయా, స్టీలా? ఆయన బాగా ఒత్తి రాస్తారు.

జవాబు: ఒత్తి రాసే చేతికి స్టీలే మేలు అన్నా. బంగారం తొందరగా వంగిపోద్ది. నాన్నగారిని వెంటబెట్టుకెళ్లు. నేను వేరే ఊళ్లో ఫోన్లోనే చెప్పి చేయించుకుంటే పెన్ను మరీ లావుగా వచ్చింది, రెండు పేజీలకే వేళ్లు లాగేస్తున్నాయి.

శ్రీకాకుళం నుంచి: ఎబొనైట్ అంటే గంధకం కలిపి ఉడికించిన రబ్బరే. ఎండలో వదిలేస్తే నలుపు గోధుమరంగుకు తిరుగుద్ది. సిరా నేరుగా గొట్టంలో పోసే రకమైతే గొట్టం బిగించే మరలకి కాస్త సిలికాన్ గ్రీజు రాయండి. సిరా అడుక్కి దిగాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి, కాగితం మీద టప్పున చుక్క పడుద్ది. పావు వంతు ఉండగానే నింపేయండి.

అడిగినవారు: అయితే స్టీలే. వచ్చేవారం నాన్నగారిని రైలెక్కిస్తాను. పాత పెన్ను కూడా పట్టుకెళ్తాం, సరిగ్గా ఆ లావే కావాలంటున్నారు.