కాలిన చేతికి కట్టు: 16020నా, 16025నా?

కొత్తకోడర్: అమెరికా క్లినిక్ చార్ట్. కుడి ముంజేయి, హ్యాండ్ కాలి పొక్కులు వచ్చాయని, కట్టు మార్చామని డాక్టర్ రాశారు. పేషెంట్ పెద్దవాడే. నాలుగో రోజు విజిట్. ఒంట్లో ఎంత శాతం కాలిందో ఎక్కడా లేదు. బిల్లుకి ప్రొసీజర్ కోడ్ (చేసిన చికిత్సకి వేసే నంబర్) 16025 వేశాను, ఆడిట్‌లో తప్పు పడింది. ఎందుకు?

నైట్‌షిఫ్ట్: చచ్చిన చర్మం తీయలేదుగా, 16000 చాలు.

చార్ట్‌పిచ్చి: కాదండీ. 16000 మొదటి డిగ్రీకి (పైచర్మం మాత్రమే కాలితే), అదీ మొదటి చికిత్సకే. కాలి పొక్కులొస్తే ఐసీడీ (జబ్బుల కోడ్‌ల పుస్తకం) ఇండెక్స్ నేరుగా రెండో డిగ్రీకి పంపుతుంది. దానికి వేసే 16020, 16025, 16030 ప్రొసీజర్ కోడ్‌ల వివరణలో కట్టు గానీ, డిబ్రైడ్‌మెంట్ (చచ్చిన చర్మం తీయడం) గానీ, రెండూ గానీ అని ఉంది. ఒట్టి కట్టయినా వేయొచ్చు. గ్లోబల్ పీరియడ్ (తర్వాతి విజిట్లు అదే బిల్లులో కలిసిపోయే రోజులు) సున్నా, కాబట్టి నాలుగో రోజుదీ వస్తుంది. మిగిలింది సైజే. ఒంటిమీద 5 శాతం లోపయితే 16020, 5 నుంచి 10 అయితే 16025, 10 దాటితే 16030. ఒంట్లో ఏ భాగం ఎంత శాతమో చూపే లండ్-బ్రౌడర్ చార్ట్‌లో పెద్దవాళ్ల ముంజేయి 3, హ్యాండ్ 2.5. కలిపితే 5.5. మీరు వేసిందే కరెక్ట్.

ఎర్రపెన్ను: చుట్టూ కాలిందని ఎక్కడ రాశారు? ఒక్క పైవైపే అయితే అందులో సగం, 2.75. అప్పుడు 16020.

చార్ట్‌పిచ్చి: సగమే కాలిందని కూడా రాయలేదు కదా! మీరు సగం అనుకోవచ్చు, మేం మొత్తం అనుకోకూడదా? పోయినేడు ఇలాంటి చార్ట్‌కే నేను డాక్టర్‌కి క్వెరీ (వివరం అడుగుతూ ప్రశ్న) పంపాను. జవాబుకి పదకొండు రోజులు పట్టింది. ఫైల్ పెండింగ్‌లో ఉండిపోయింది, నా ప్రొడక్షన్ పడిపోయింది, అందరి ముందూ మాటలు పడ్డాను. అడిగితే అదీ తప్పు, అడక్కపోతే ఇదీ తప్పు.

ఎర్రపెన్ను: అరవకండి. నేనూ కోడర్‌గానే మొదలుపెట్టాను. ఒక చార్ట్‌లో కాలు అని మాత్రమే ఉంది. కాలు మొత్తానికి 18 శాతం లెక్కేసి 16030 వేశాను. తర్వాత డబ్బు వెనక్కి అడిగారు. ఫొటో తీసి చూస్తే మోకాలి కింద అరచేయంత గాయం. వేళ్లతో కలిపి అరచేయి సుమారు 1 శాతం. ఆ రోజు నుంచి ఒంటిని చూడకుండా శాతం లెక్కేయను. సగమని నేనూ వేయను, అడుగుతాను.

నైట్‌షిఫ్ట్: ఐసీడీలో కాలిన శాతానికి వేసే కోడ్ టీ31.0 ఎలాగూ మారదు, 10 లోపే కదా.

చార్ట్‌పిచ్చి: అది డయాగ్నోసిస్. మేం మాట్లాడేది ప్రొసీజర్ గురించి. ఎర్రపెన్ను గారూ, అడగాలన్నది ఒప్పుకుంటాను. శాతం రాయనిది డాక్టర్ అయితే ఆడిట్ మార్కు కోడర్‌కి ఎందుకు పోవాలి? నా గొడవంతా అదే.

ఎర్రపెన్ను: పోకూడదు. కానీ ఊహించి వేసినందుకు పోతుంది.

కొత్తకోడర్: ఇప్పుడే క్వెరీ పంపాను.

చార్ట్‌పిచ్చి: మంచిది. జవాబొచ్చే దాకా ఆ పెండింగ్ ఎవరి లెక్కలో పడుతుందో మీ లీడ్‌ని మెయిల్‌లోనే అడగండి. నోటిమాటగా వద్దు.